చీపురుపుల్లతో తిప్పిన పేజీలు

ఆమె పేరు నేను రాయను. రాస్తే ఆమెకు గౌరవం ఇచ్చినట్టవుతుంది. చింతపండు కొట్టే ఆడవాళ్లందరూ ఆమెను చిన్నమ్మ అని పిలిచేవాళ్లు. నేనూ అలాగే పిలిచాను. ఇక్కడ కూడా అంతవరకే.

ఆమె పోయిన సంగతి నాకు కల్వకుర్తి అంగడిలో తెలిసింది. కొత్త చింతపండు వచ్చే రోజులు. ఒక కుప్ప ముందు కూర్చుని ఈనెలు సరిగా తీశారా లేదా అని విప్పి చూస్తున్నాను. అమ్ముతున్న మనిషి ఎల్లమ్మ, మా పుట్టింటి వాడకట్టు మనిషే, చిన్నప్పుడు నాతోపాటు పని చేసింది.

"నీకెరుకలేదానే? మన చిన్నమ్మ పోయింది. ఎల్లుండి దినాలు" అంది.

నేను చేతిలోని పండు మళ్లీ కుప్పలో పడేసి, "ఈనెలు సగం అట్లనే ఉన్నయి" అన్నాను.

ఎల్లమ్మ నా మొహంలోకి చూసింది. "ఇంకా గా కోపం పోలేదా నీకు? సచ్చిన మనిషి మీద గూడనా?"

పోలేదు. పోవడానికి ఆమె ఏం చేసిందని?

చనిపోయినవాళ్ల గురించి మంచి మాటలు రాసేవాళ్లు చాలామంది ఉంటారు. ఆమె గురించి కూడా ఎవరైనా రాస్తే, గొప్ప గొంతు అనీ, కళ్లకు కట్టినట్టు చదివేదనీ రాస్తారు. నిజమే. గొంతు గొప్పదే. వాళ్లంతా ఆ గొంతు విని, కొంగు దులుపుకుని, ఇంటికి పోయి వంట చేసుకున్నారు. నేను ఆమె చదివిందాన్ని నమ్మి మొగుణ్ణి ఎంచుకున్నాను. అందుకని నేను రాసేది వేరేగా ఉంటుంది.

పోలీసు చర్య అయిపోయి కొన్నేళ్లు గడిచిన కాలం. ఎండలు ముదిరితే మా వాడకట్టు ఆడవాళ్లకు సావుకారు గోదాము అరుగు మీద చింతపండు పని ఉండేది. పెంకు తీసిన కాయ గోనెల్లో వచ్చేది. ఒక్కొక్కరి ముందు ఒక చదును రాయి, చేతిలో చిన్న ఇనుప కడ్డీ. కాయను రాతి మీద పెట్టి ఒక్క దెబ్బ వేస్తే గింజ ఎగిరి అవతల పడాలి, పండు నలగకూడదు. గింజలను గంజి పెట్టుకోవడానికి గొంగళ్లు నేసే కురుమవాళ్లు తీసుకుపోయేవాళ్లు. పండును సాయంత్రం తూచి, తూకాన్ని బట్టి కూలి ఇచ్చేవాళ్లు.

చిన్నమ్మ కొట్టేది కాదు. చదివేది. కొట్టని మనిషికి తూకం ఎక్కడి నుంచి వస్తుంది? దానికో పద్ధతి ఉండేది. పని చేసే ప్రతి మనిషీ తన పండులోంచి మధ్యమధ్య ఒక గుప్పెడు తీసి ఆమె ముందున్న చాటలో వెయ్యాలి. పొద్దుగూకేసరికి ఆ చాటలో పండు ఆమె తూకం. ఆ పద్ధతి ఎవరు పెట్టారో నాకు తెలియదు. ఆమే పెట్టుకుని ఉంటుంది.

కళ్లు పుస్తకంలో ఉన్నట్టే ఉండేవి. ఎవరి చెయ్యి చాట మీదికి వచ్చినా ఆ చేతి కింద ఎంత పడిందో ఆమెకు తెలిసిపోయేది. నేను పనికి పోవడం మొదలుపెట్టిన కొత్తలో, కథ మంచి పట్టులో ఉన్నప్పుడు నా గుప్పెడు వేశాను. ఆమె చదవడం ఆపింది.

"ఏందే పిల్లా, నీ గుప్పిట్ల పిట్టగుడ్డు గూడ పట్టదా?"

అరుగంతా నవ్వింది. నా చేతులు చిన్నవి. ఇప్పటికీ చిన్నవే. అప్పుడు నాకు పదిహేనేళ్లుంటాయి. ఆ తర్వాత రెండు చేతులతో వేశాను. దానిని ఎవరూ చూడలేదు.

ఆమె కృష్ణ అవతల మేనమామ ఇంట్లో పెరిగింది. తెలుగు చదవడం అక్కడే నేర్చుకుంది. మా దగ్గర నిజాం రోజుల్లో బడి అంటే మగపిల్లలకు, అదీ ఉర్దూ బడి. ఆడదాని చేతిలో తెలుగు పుస్తకం ఉండడమే మాకు వింత. ఆమె మొగుడు హైదరాబాదులో దుకాణం పెడతాననీ, పెట్టగానే వచ్చి తీసుకుపోతాననీ చెప్పి వెళ్లి, మళ్లీ కనబడలేదు. చాలా చక్కగా మాట్లాడే మనిషని మా బాపు చెప్పేవాడు. ఆమె మాత్రం ఆయన మాట ఎప్పుడూ ఎత్తేది కాదు.

పుస్తకం ఒక్కటే. దానికి అట్ట లేదు, మొదటి కాగితమూ లేదు. దాని పేరేమిటో, రాసిందెవరో అరుగు మీద ఎవరికీ తెలియదు. పాత ఎర్ర రుమాలులో చుట్టి తెచ్చేది. విప్పే ముందు చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, అప్పటికీ పేజీని చేత్తో ముట్టుకునేది కాదు. అరుగు ఊడ్చే చీపురులోంచి ఒక పుల్ల విరిచి, దాని కొనతో కాగితం మూల గీరి, లేపి, అవతలికి వేసేది. "పుస్తకానికి పులుపు తాకొద్దు" అనేది. చింతపండు మధ్య కూర్చున్న మనిషి చింతపండు సోకకుండా ఉండాలనుకోవడం ఏమిటో నాకు అప్పుడూ అర్థం కాలేదు. అయినా ఆ పుల్ల లేస్తే చాలు, మా మెడలన్నీ అటు తిరిగేవి.

కథ ఒక కోట గురించి. పుస్తకంలో ఆ కోటకు ఏదో పేరుంది కానీ మావాళ్లు అది దేవరకొండ కోటేనని తీర్మానించారు. ఆ కోటను కాపాడే వీరుణ్ణి మేం కోట దొర అనేవాళ్లం. కనుబొమ్మ మీద కత్తిగాటు. అతని తమ్ముడు యుద్ధంలో అతని చేతుల్లోనే పోయాడు. అప్పటి నుంచి అతను నవ్వడు. శత్రురాజు మంత్రి కూతుర్ని పట్టి తెచ్చి కోటలో ఉంచుతారు. ఆ పిల్ల అడుగుతుంది, "ఎందుకు నన్ను ఇక్కడ ఉంచారు?" దొర మాట్లాడడు. బురుజు మీదికి పోయి, చేతులు కట్టుకుని, పడమటి దిక్కుకు చూస్తూ నిలబడతాడు. గాలికి పైవస్త్రం ఎగురుతుంది. ఆ పిల్ల మెట్ల మీద నిలబడి అతని వీపును చూస్తుంది.

అంతే. అక్కడ చిన్నమ్మ గొంతు దించేది. పుల్ల గాలిలో ఆపేది. అరుగు మీద ఒక్క కడ్డీ కూడా పడేది కాదు. లోపలి నుంచి సావుకారు అరిచేవాడు: "ఏమైంది? అందరు సచ్చిండ్రా?"

"దొర బురుజెక్కిండు సేటు, జర ఆగు" అనేది ఖాజాబీ. ఆమె అందరికన్నా పెద్దది, దూదేకుల ఇంటి మనిషి, సావుకారుకు భయపడేది కాదు.

ఆ దొరలో మాకు ఏం కనబడిందో ఇప్పుడు చెప్పగలను. మా ఇళ్లలో మగవాళ్లు కూడా మాట్లాడేవాళ్లు కాదు. బాయి నుంచి వచ్చి, తిని, పడుకునేవాళ్లు. అడిగితే కసిరేవాళ్లు. ఆ మౌనంలో ఏం లేదని మాకు తెలుసు. కానీ చిన్నమ్మ గొంతులోంచి వచ్చిన మౌనంలో ఏదో ఉంది. మంత్రి కూతురుకు జ్వరం వస్తే దొర ఏం అడగడు, రాత్రంతా ఆమె తలుపు బయట నిలబడతాడు. ఆమె పువ్వు కావాలంటే ఇవ్వడు, తెల్లారి చూస్తే కిటికీలో ఉంటుంది. మాట్లాడని మగవాడి లోపల ఇంత ఉంటుందని అనుకుంటే, సాయంత్రం ఇంటికి పోయి అదే మొగుడికి అన్నం పెట్టడం కొంచెం తేలికయ్యేది. ఎల్లమ్మ ఒకసారి పైకే అంది. "మా ఆయన గూడ గిట్లనే ఉంటడు, నేనే సమజ్ చేసుకోలేదేమో." అందరూ నవ్వారు కానీ, అందరి మనసులో ఉన్నదీ అదే. పెళ్లయినవాళ్లకు అది ఓదార్పు. నాకు పెళ్లి కాలేదు. అక్కడే వచ్చింది చిక్కు.

ఇంకో సంగతి ముందే చెప్పాలి. ఆమె పుల్ల ఒక్కోసారి ఒక్క కాగితాన్నే లేపేది కాదు. రెండు, మూడు కలిపి లేపేది. నేను ఆమె పక్కనే కూర్చునేదాన్ని కాబట్టి చూశాను. ఒకరోజు అన్నాను కూడా.

"చిన్నమ్మా, కాయితాలు అతుక్కుని రెండు కలిసి పోయినయి."

ఆమె పుస్తకం నా వైపు తిప్పింది. పుల్ల నా ముందు పెట్టింది. "రా. సదువు."

నేను తల దించుకున్నాను.

"సదువవే. ఆపినవ్ గద, నువ్వే సదువు. ఇంటరు అందరు."

"నాకు రాదు" అన్నాను.

"రానిదానివి రానట్టుండు" అని పుస్తకం మళ్లీ తన వైపు తిప్పుకుంది. ఎల్లమ్మ నా తొడ మీద గిల్లి కిసుక్కున నవ్వింది. సాయంత్రం దాకా నా కడ్డీ కింద పడిన కాయలన్నీ నలిగిపోయాయి. సావుకారు దానికి వేరే తిట్టాడు.

ఆ ఏడే నాకు రెండు సంబంధాలు వచ్చాయి. మా అమ్మ నేను పుట్టిన కొన్నాళ్లకే పోయింది. తల్లి లేని పిల్లనని మా బాపు, ఆ రోజుల్లో ఎవరూ అడగని మాట అడిగాడు. "ఇద్దర్నీ జూడు బిడ్డా. ఎవరైతే మంచిగుంటదో నువ్వే చెప్పు."

మొదటివాడు సైకిలు వెనక బట్టల మూట కట్టుకుని అంగళ్లు తిరిగే పిల్లగాడు. గడపలోకి అడుగు పెట్టగానే మాటలు మొదలు. "మామా, మీ ఇంట్ల సల్ల మస్తుగున్నది, ఇంకో గిలాస పోయుండ్రి." బాపు నవ్వాడు. నేను నవ్వలేదు. ఆ పిల్లగాడు నా వైపు తిరిగి, "నీకు ఏ రంగు మంచిగనిపిస్తది? ఊకెనే అడుగుతున్న, నేనెట్లైన చీరలే అమ్ముత గద" అన్నాడు. నేను నేల చూస్తూ, కోట దొర అయితే చీర రంగు అడుగుతాడా అనుకున్నాను. నాకు ఆ మనిషి మీద అసహ్యం వేసింది. రంగు అడిగినందుకు.

రెండోవాడు పల్లె నుంచి వచ్చాడు. వాళ్ల నాయిన అన్ని మాటలూ మాట్లాడాడు. ఎకరాలు, బాయి, ఎద్దులు. ఆ అబ్బాయి గోడకు ఆనుకుని కూర్చుని, తలుపులోంచి దూరంగా చూస్తున్నాడు. కనుబొమ్మ మీద గాటు ఉంది. నీళ్లిస్తే తాగాడు. చెంబు కింద పెట్టాడు. మళ్లీ దూరంగా చూశాడు.

వాడకట్టు ఆడవాళ్లు నిప్పు అడిగే నెపంతో పెరట్లోకి వచ్చారు. ఖాజాబీ తడికె సందులోంచి చూసి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అల్లా కసం, కోట దొరే! అచ్చం కోట దొరే!"

చిన్నమ్మ కూడా వచ్చింది. అందరినీ పక్కకు జరిపి, చాలాసేపు చూసింది. అప్పుడు నా చెవి దగ్గరికి వంగి, పుస్తకం చదివే గొంతుతోనే అంది: "గా పిల్లగాని కండ్లల్ల ఏదో ఉన్నదే బిడ్డా. లోపల శాన బరువున్న మనిషి."

బాపు అడిగినప్పుడు నేను రెండోవాడినే చెప్పాను.

ఆ గాటు చిన్నప్పుడు దున్నపోతు కొమ్ము తగిలి పడిందని పెళ్లయ్యాక తెలిసింది. ఆ రోజు కళ్లల్లో ఉన్నది నిద్ర. తెల్లవారకముందు నుంచీ మోట కొట్టి, బాయి దగ్గర నుంచే నేరుగా మా ఇంటికి తీసుకొచ్చారట. ఆ సంగతి కూడా ఆయన చెప్పలేదు. మా అత్త చెప్పింది.

ఆయన చెడ్డవాడని నేను రాయడం లేదు. కొట్టలేదు, తాగలేదు. సాయంత్రం పూట గట్టు మీద చేతులు కట్టుకుని నిలబడి పడమర చూసేవాడు. కాపురానికి పోయిన కొత్తలో నేను పని ఆపి ఆయన వీపును చూసేదాన్ని. ఒకరోజు ధైర్యం చేసి దగ్గరికి పోయాను. "ఏం ఆలోచన చేస్తున్నవ్?" అని అడిగాను.

"ఏం లే" అన్నాడు. గట్టు దిగుతూ, "మోట తాడు తెగేటట్టున్నది" అన్నాడు.

తెలిసిన మనిషి అక్కడికే ఆశ వదులుకునేది. నేను వదల్లేదు. ఎందుకంటే చిన్నమ్మ చదివిన కథలో చివర ఒక మాట ఉంది. యుద్ధం ఆగిపోయి, మంత్రి కూతుర్ని తీసుకుపోవడానికి పల్లకి వస్తుంది. ఆమె గుమ్మం దాటబోతుంటే, కథంతా నోరు విప్పని దొర అప్పుడు ఒక్క మాట అంటాడు: "వెళ్లవద్దు." ఆ మాట దగ్గర అరుగంతా ఏడ్చేది. ఖాజాబీ ముక్కు చీదుకుంటూ తన గుప్పెడుకు ఇంకో గుప్పెడు కలిపి చాటలో వేసేది.

నేను ఎండాకాలం పుట్టింటికి బయలుదేరిన ప్రతిసారీ మూట చంకన పెట్టుకుని గడప మీద ఆగేదాన్ని. మా ఆయన లోపలికి వచ్చేవాడు. నన్ను చూసేవాడు. "బండి కట్టిన" అనేవాడు.

ఆ సైకిలు పిల్లగాడు కల్వకుర్తిలోనే బట్టల దుకాణం పెట్టాడు. వేరే పిల్లను చేసుకున్నాడు. అంగడికి పోయినప్పుడు ఆ దుకాణం ముందు నుంచే పోవాలి. లోపల అతనూ పెళ్లామూ ఏదో ఒకటి అనుకుంటూ ఉంటారు, కొట్లాటైనా సరే. నేను చీరలు ఇంకో దుకాణంలో కొంటాను. అక్కడ రంగులు బాగుండవు.

మా పెద్దపిల్లను బడిలో వేసినప్పుడు నేను కూడా దాని పలక ముందు కూర్చున్నాను. అత్త నవ్వింది, తోటికోడలు నవ్వింది. "రా, సదువు" అన్న మాట నా చెవిలో ఉంది కాబట్టి ఆ నవ్వులు నాకు పెద్దగా తగల్లేదు. మొదట బస్సు బోర్డులు, తర్వాత పొట్లాలు కట్టిన కాగితాలు. చివరికి పిల్ల పుస్తకం దానికన్నా ముందే చదవడం వచ్చింది. అప్పుడు ఒక ఎండాకాలం పుట్టింటికి పోయి నేరుగా చిన్నమ్మ ఇంటికి నడిచాను.

ఆమెకు కళ్లు మసకబారాయి. ఎర్ర రుమాలు దూలానికి వేలాడుతోంది.

"గా పుస్తకం ఓసారి ఇయ్యి" అన్నాను.

"సదువొచ్చిందా నీకు?"

"వచ్చింది."

ఆశ్చర్యపడలేదు, మెచ్చుకోలేదు. "చేతులు కడుక్కుని ముట్టుకో" అంది.

కడుక్కున్నాను. బాపు ఇంటి అరుగు మీద కూర్చుని మొదటి నుంచి చదివాను. కొద్దిసేపటికే ఒక సంగతి గమనించాను. ఆమె మాకు చదివిన ప్రతి కాగితం మూల మీద పుల్ల గీరిన గీతలున్నాయి. మధ్యమధ్య కొన్ని కాగితాలకు గీతే లేదు. ఆ కాగితాల నిండా కోట దొర మాట్లాడుతున్నాడు.

ఒకటి, రెండు మాటలు కాదు. పేజీలకు పేజీలు మాట్లాడతాడు. తమ్ముడి గురించి చెప్తాడు, చిన్నప్పుడు ఇద్దరూ ఏనుగుశాలలో దాక్కుంటే ఏనుగు గురకకు భయపడిన సంగతి చెప్పి నవ్విస్తాడు. కోటలో వంటవాడి మీద చాడీలు చెప్తాడు. జ్వరం వచ్చిన రాత్రి తలుపు బయట ఊరికే నిలబడలేదు, తెల్లారేదాకా తలుపు అవతలి నుంచి కథలు చెప్పాడు. ఇవ్వకపోయిన పువ్వు గురించి క్షమించమని అడుగుతాడు. ప్రతి పూటా ఆమె గదికి వచ్చి "భుజించితివా?" అని అడుగుతాడు.

తిన్నవా అని. నా కాపురంలో నేను వినని మాట అది.

చివర పల్లకి ముందు అతను "వెళ్లవద్దు" అన్నది నిజమే. కానీ దాని వెనక మూడు కాగితాల మాటలున్నాయి. వాటిలో ఎందుకు వెళ్లవద్దో చెప్పాడు.

పుస్తకం పట్టుకుని ఆమె ఇంటికి తిరిగి వెళ్లాను. గడపలో కూర్చుని బియ్యంలో రాళ్లు చేత్తో తడుముతూ ఏరుతోంది.

"చిన్నమ్మా, గీయన మస్తు మాట్లాడుతుండు."

"ఆఁ. మాట్లాడుతడు."

"మరి మాకెందుకు సదువలె? కష్టం మాటలని ఇడిశిపెట్టినవా?"

దానికి ఆమెకు కోపం వచ్చింది. "నాకు కష్టం మాటలున్నయా? మొత్తం సదివిన నేను. ఒక్కదాన్ని కూసుని ఎన్నిసార్లు సదివిన్నో. మాట్లాడినకాడల్ల అగ్గువైతుండు గాయిన. నోరు మూపిచ్చిన. గప్పుడు మనిషైండు."

"గా నోరు మూసుకున్నోణ్ణి జూసే నేను పెండ్లి చేసుకున్న."

"పుస్తకం జూసి పెండ్లి చేసుకోమని నేను జెప్పిన్నా?"

"చెప్పినవ్. తడికె కాడ. కండ్లల్ల ఏదో ఉన్నదన్నవ్. లోపల బరువున్నదన్నవ్."

ఆమె బియ్యంలో చెయ్యి ఆపి, నిజంగానే ఆలోచించింది. "గట్లన్నన్నా? నాకు యాదికి లేదు బిడ్డా."

నా బతుకు మొత్తం ఆ మాట మీద నిలబడి ఉంటే, ఆ మాట ఆమెకు గుర్తే లేదు.

"మాటలు జెప్పేటోన్ని జేసుకుంటే ఏమైతదో నన్నడుగు" అంది, మళ్లీ బియ్యం తడుముతూ. "అసొంటి మాటలిన్నదానికే తెలుస్తది. అద్దాలమేడ మాటలు జెప్పి పోయిండు. నువ్వు నీ ఇంట్ల ఉన్నవ్. నీ మొగడు పొద్దుగూకితే ఇంటికొస్తడు. కొట్టిండా నిన్ను?"

"కొట్టలే."

"తాగుతడా?"

"తాగడు."

"మరింకేం?"

ఆమె మొగుడి సంగతి నాకు తెలుసు. అందుకు జాలి పడాలని కూడా తెలుసు. కానీ తన మొగుడి మీది కోపంతో ఆమె ఒక మంచి మనిషి నోరు కుట్టింది. కుట్టిన నోటినే మంచిదని మాకు చూపించింది. మా అరుగు మీద అంతమంది ఆడవాళ్లలో ఒక్కరికైనా, మొగవాడు తిన్నవా అని అడుగుతాడు, అడగాలి అని తెలియనివ్వలేదు. తర్వాత ఆ "మరింకేం" ఒకటి. నేను పుస్తకం ఆమె ఒళ్లో పడేసి వచ్చాను. ఆ తర్వాత ఆమె ఇంటి గడప తొక్కలేదు.

దినాలకు మాత్రం వెళ్లాను. వెళ్లకపోతే ఎల్లమ్మ ఊరంతా చెప్తుంది. మా ఆయన బండి కట్టాడు. ఆమెకు పిల్లలు లేరు, చుట్టాల పిల్లవాడెవరో కర్మ చేశాడు. భోజనాలయ్యాక అరుగు మీది పాతవాళ్లంతా పందిట్లో చేరారు. ఎవరో దూలం మీది ఎర్ర రుమాలు దించి తెచ్చారు. ఖాజాబీ బాగా ముసలిదయింది. ఇద్దరు పట్టుకుంటే కూర్చుంది.

"బురుజు మీద నిలబడే కాడ ఓసారి సదువుండ్రి. ఆమెకు సంతోషమైతది" అంది.

చదువు వచ్చిన మనిషిని అక్కడ నేనొక్కదాన్నే. ఎల్లమ్మ పుస్తకం తెచ్చి నా ముందు పెట్టి, "నీకొస్తది గదనే. సదువు" అంది.

ఆ మాట కోసం నేను చాలా ఏళ్లు కాచుకున్నాను. చేతులు కడుక్కోలేదు. పుల్ల అడగలేదు. వేలు తడిచేసుకుని పేజీ తిప్పాను. ఈసారి ఒక్క అక్షరం కూడా వదలకూడదనుకున్నాను.

దొర మెట్లెక్కాడు. చేతులు కట్టుకున్నాడు. పైవస్త్రం ఎగిరింది. పందిట్లో అప్పుడే ఒకరిద్దరు కొంగులు కళ్లకు అద్దుకున్నారు. మంత్రి కూతురు మెట్ల మీద నిలబడి, ఏమి చూచుచున్నారు అని అడిగింది. ఇక్కడే చిన్నమ్మ పుల్ల రెండు కాగితాలను కలిపి లేపేది. నేను లేపలేదు. చదివాను.

"నీవడిగెదవనియే ఇచట నిలిచితిని. ఉదయమునుండి నన్నొక్కరును పలుకరింపలేదు."

"ఎవరే గది? వంటాయననా?" అంది ఎల్లమ్మ.

"కోట దొర."

"పో! కోట దొర గట్లంటడా?"

"పుస్తకంల ఉన్నది. ఇనుండ్రి." ఇంకో పది పంక్తులు చదివాను. ఏనుగు గురక వచ్చింది. ఎవరూ నవ్వలేదు. ఒకామె లేచి ఎంగిలి విస్తళ్లు తీయడానికి పోయింది.

ఖాజాబీ చెయ్యెత్తింది. "ఆగు బిడ్డా. నడుమల నీ మాటలు కలుపుతున్నవ్."

"నా మాటలు ఒక్కటి గూడ లేవు. చిన్నమ్మనే గివన్ని ఇడిశిపెట్టేది. మనకు సగం కథ చెప్పింది."

"చిన్నమ్మ కాడ గాయిన ఇన్నేండ్లు మర్యాదగ ఉండె" అంది ఎల్లమ్మ. "ఆమె పోయినంక పదొద్దులు గాలే, నువ్వు వాగుడుకాయను జేస్తున్నవ్. ఆమె మీద కోపముంటే ఆమె మీద దీర్చుకోవాల్సుండె. గాయిన ఏం జేసిండు?"

"నీకింకా సదువుడు సరిగ రాలేదే" అంది ఖాజాబీ, చాలా మెల్లగా, నన్ను ఓదారుస్తున్నట్టు.

నేను పుస్తకం ఎల్లమ్మ ముందు పెట్టాను. ఆమె తీసుకోలేదు. "నువ్వే తీస్కపో. గిది మా పుస్తకం గాదు" అంది. తర్వాత వాళ్లంతా ఒకరి మీద ఒకరు పడి చిన్నమ్మ గొంతును తల్చుకుని ఏడ్చారు. అరుగు మీద ఆమె నన్ను రానిదానివి అన్నప్పుడు నాకు చదువు రాదు. ఇప్పుడు వచ్చాక కూడా ఆమె మాటే నెగ్గింది, అదీ నోరు విప్పకుండా.

బండి కల్వకుర్తి దాటింది. ఎండ వాలింది కానీ వెలుతురు బాగానే ఉంది. ఆయన ముందు కూర్చుని ఎద్దులను తోలుతున్నాడు. నేను పుస్తకం ఒళ్లో పెట్టుకుని వెనక్కి పోతున్న బాట చూస్తున్నాను.

"ఏమన్నడు గాయిన?" అన్నాడు, ఎద్దుల వైపే చూస్తూ.

"ఎవరు?"

"గా కోటాయన. పందిరి పక్కపొంటి నేను గూడ కూసున్న. పొద్దటి సంది నన్నెవరు మాట్లాడియ్యలే అన్నడు గద. వాళ్లు నిన్ను సదువనియ్యలే." పగ్గం ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అటెనుక ఏమన్నడు?"

పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన నన్ను ఒక్క ఊపున ఇన్ని మాటలు అనలేదు. ఏదైనా అడగడం కూడా అదే మొదలు. ఆ తర్వాత దొర ఏమన్నాడో నాకు పుస్తకం విప్పకుండానే వచ్చు, ఇంటికి చేరేదాకా సరిపోతుంది.

ఎర్ర రుమాలు దగ్గరికి లాక్కుని పుస్తకం చుట్టూ చుట్టి, ముడి గట్టిగా బిగించాను.

"ఏం లే" అన్నాను.